అప్‌డేట్: మంచం మీది డిటెక్టివ్ సినిమా దొరికింది

మంచం మీంచి కదల్లేని డిటెక్టివ్, ఆయన తరఫున తిరిగే మహిళా పోలీసు, న్యూయార్క్‌లో వరుస హత్యలు. ఆ ఇంగ్లీషు సినిమా పేరేంటని ఇక్కడ అడిగాను కదా, అది 1999లో వచ్చిన 'ది బోన్ కలెక్టర్'. పేరు చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్. రాత్రే మళ్లీ చూశాను.

డిటెక్టివ్‌గా వేసిన డెంజెల్ వాషింగ్టన్‌కి సినిమాలో తల, భుజాలు, ఒక వేలు మాత్రమే కదులుతాయి. మిగతా నటనంతా కళ్లతో, గొంతుతోనే! నాకు బాగా నచ్చింది మొదట్లో రైలు పట్టాల దగ్గర సీన్. ఆధారాలు చెదిరిపోకూడదని పోలీసుగా వేసిన ఏంజెలీనా జోలీ ఏకంగా రైలునే ఆపేస్తుంది. అడుగు గుర్తు సైజు తెలిసేలా పక్కన డాలర్ నోటు పెట్టి ఫొటో తీస్తుంది. ఆయన ఆమెను ఎంచుకోవడానికి ఆ తెలివే కారణం.

శవం చేతులకున్న బేడీలు కావాలి, చేతులు కోసెయ్ అని ఆయన అంటే ఆమె ఒప్పుకోదు. అక్కడ మాత్రం టెన్షన్‌తో బిగుసుకుపోయాను.

హంతకుడెవరో తేలే చివరి భాగం హడావిడిగా ముగిసిందనిపించింది. చూడనివాళ్ల కోసం పేరు చెప్పను. కానీ మూర్ఛ వస్తే మెదడు కూడా పోతుందేమోనన్న భయంతో, ముందే చనిపోవాలనుకున్న మనిషికి ఈ కేసు మళ్లీ పని ఇవ్వడం మనసుకు పట్టేసింది.

జెఫ్రీ డీవర్ రాసిన మూల నవల ఇప్పుడు మొదలుపెడుతున్నాను. అందులో హంతకుడు వేరేనట, దయచేసి ఎవరూ చెప్పకండి.