డీవీడీ ముక్కతో స్పెక్ట్రోగ్రాఫ్: నక్షత్రాలకు పనికొస్తుందా?

ప్రశ్న: అట్టపెట్టె, రెండు బ్లేళ్లు, వెండిపూత ఊడదీసిన డీవీడీ ముక్క, ఫోన్ కెమెరా: వీటితో వెలుగును రంగులుగా విడదీసి ఫొటో తీసే స్పెక్ట్రోగ్రాఫ్ చేశాను. పగటి వెలుగులో రంగులు బ్రహ్మాండంగా పడుతున్నాయి కానీ 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సోడియం నల్లగీత మసగ్గా ఉంది. దీన్నే 6 అంగుళాల టెలిస్కోప్‌కి తగిలిస్తే సిరియస్ నక్షత్రం స్పెక్ట్రమ్ (రంగుల పట్టీ) వస్తుందంటారా?

జవాబు 1: మసగ్గా ఉందంటే ముందు వెలుగు లోపలికొచ్చే చీలికనే అనుమానించాలి. బ్లేళ్ల మధ్య వెలుతురు వెంట్రుకలా కనిపించేదాకా దగ్గరికి జరపండి. డీవీడీ గాళ్లు చీలికకు సమాంతరంగా ఉండాలి, అవి వంపు తిరిగి ఉంటాయి కాబట్టి బయటి అంచు ముక్కే మేలు.

జవాబు 2: నక్షత్రానికి చీలికే అక్కర్లేదండీ, అదే ఒక చుక్క కదా! డీవీడీలో మిల్లీమీటరుకు సుమారు 1350 గీతలు, వచ్చే కాస్త వెలుగునీ అంత పొడవునా పరిచేస్తే ఇంకేం మిగులుతుంది? మిల్లీమీటరుకు 100 గీతలుండే గ్రేటింగ్ (వెలుగును రంగులుగా విడదీసే గీతల పలక) కొని కెమెరా ముందు బిగించండి. సిరియస్, అభిజిత్ లాంటి తెల్లచుక్కల్లో హైడ్రోజన్ గీతలు బాగా వెడల్పు, 486 నానోమీటర్ల దగ్గరది ముందు వెతకండి.

జవాబు 3: కొలత సరిచూడ్డానికి పాత సీఎఫ్ఎల్ బల్బు చాలు, పాదరసం గీతలు 435.8, 546.1 దగ్గర పడతాయి. ఎల్ఈడీతో లాభం లేదు. సూర్యుడి వైపు మాత్రం టెలిస్కోప్ తిప్పొద్దు. అన్నట్టు, 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్‌తో సూర్యజ్వాలల్ని పరిశీలించింది మన గుంటూరులోనే.

అడిగినవారు: గ్రేటింగ్‌ని ఫిల్టర్‌లా ఐపీస్ గొట్టానికే బిగించొచ్చా?

జవాబు 2: ఆ, 1.25 అంగుళాల మర ఉన్నది తీసుకోండి.