బయోగ్రఫీ ప్రాజెక్టుకి ఎవరిని తీసుకోవాలి? శుక్రవారంలోపు పేరు ఇవ్వాలట

రంగుపెన్సిల్:
మా పాప ఎనిమిదో తరగతి. సోషల్ టీచర్ బయోగ్రఫీ ప్రాజెక్టు ఇచ్చారు. చరిత్రలో ఒక మనిషిని ఎంచుకోవాలి, ఆ మనిషి ఇప్పుడు బతికి ఉండకూడదు, మూడు చోట్ల నుంచి సమాచారం తేవాలి, అందులో ఒకటైనా అచ్చు పుస్తకం అయి ఉండాలి, చివర్లో క్లాసు ముందు నిలబడి ఆ మనిషే మాట్లాడుతున్నట్టు "నేను" అంటూ ఐదు నిమిషాలు చెప్పాలి. బాగానే ఉంది కానీ మేం పేరు దగ్గరే ఆగిపోయాం.

ఒకరిని ఇద్దరికి మించి తీసుకోకూడదని రూలు. గాంధీ గారు, కలాం గారు, ఝాన్సీ లక్ష్మీబాయి మొదటి రోజే అయిపోయారు. మేరీ క్యూరీ అనుకుంటే అప్పటికే ఇద్దరు రాసేసుకున్నారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ అన్నాను, "దీపం పట్టుకుని తిరిగింది, అంతేగా" అంది. అశోకుడంటే యుద్ధాలొద్దంది. యుద్ధం మానేసినవాడే కదే అంటే, ముందు చేశాడుగా అంది. ఇక నేనేం మాట్లాడను.

దానికి ఇష్టమైనవి బొమ్మలు వేయడం, కుక్కలు, రాళ్లు ఏరుకోవడం (స్కూలు బ్యాగు దులిపితే రాళ్లే రాలతాయి). నలుగురి ముందు మాట్లాడాలంటే మాత్రం గొంతు పెగలదు. టెన్షన్ దానికంటే నాకే ఎక్కువగా ఉంది. ఎవరైనా మంచి పేరు చెప్పండి.

సుద్దముక్క:
నేను టీచర్‌ని, ఇలాంటి ప్రాజెక్టులు చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. అన్నీ ఒకేలా మొదలవుతాయండీ. ఫలానా వారు ఫలానా తేదీన ఫలానా ఊళ్లో జన్మించారు, తర్వాత చదువు, తర్వాత అవార్డులు, చివర్లో మరణం. కట్ట మొత్తం దిద్దేసరికి ఎవరు ఎవరో నాకే గుర్తుండదు. పిల్లల్ని అనడానికి లేదు, గొప్పవాళ్ల లిస్టు ముందేసుకుని పైనుంచి ఒక పేరు తీసేస్తే అలాగే వస్తుంది.

నేను మా పిల్లలకి ఒకటే చెబుతాను. ఒక అరగంట చదివి, పుస్తకం మూసేసి, ఆ మనిషి గురించి ఇంట్లో ఎవరికైనా చెప్పండి. తేదీలు తప్ప నోటికి ఏమీ రాకపోతే ఆ పేరు వదిలేయండి. "అప్పుడేమైందో తెలుసా" అని మొదలుపెట్టారంటే అదే మీ పేరు.

ఉదాహరణకి లూయీ బ్రెయిల్. వాళ్ల నాన్న గుర్రాలకి జీనులు, పట్టీలు కుట్టేవాడు. మూడేళ్ల పిల్లాడు నాన్న పనిగదిలో తోలుకి చిల్లులు పొడిచే పనిముట్టు పట్టుకుని ఆడుతుంటే అది జారి కంట్లో గుచ్చుకుంది, ఇన్ఫెక్షన్ రెండో కంటికీ పాకి రెండు కళ్లూ పోయాయి. 1819లో, పదేళ్లకి, పారిస్‌లో అంధుల బడిలో చేరాడు. చీకట్లో కూడా వేళ్లతో తడిమి చదివే చుక్కల రాత ఒకటి అప్పట్లో ఆ బడికి వచ్చింది, చార్లెస్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తయారుచేసింది. ఒక్కో గుర్తుకి పన్నెండు చుక్కల దాకా ఉండేవి, అవన్నీ వేలి కొస కింద ఒకేసారి ఇమడవు. ఈ కుర్రాడు వాటిని ఆరుకి దించాడు. అప్పటికి వాడి వయసు పదిహేను! 1829లో ఆ పద్ధతి అచ్చయింది, 1852లో క్షయతో ఆయన పోయాడు, ఆయన చదివి, తర్వాత పాఠాలు చెప్పిన ఆ బడే దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో.

మీ అమ్మాయికి మాట్లాడటం భయమన్నారు కదా. దళసరి అట్ట మీద వెనకవైపు నుంచి చుక్కలు పొడిచి తన పేరులో మొదటి అక్షరం తయారుచేసి, క్లాసులో చేతులు మార్చమనండి. అందరూ కళ్లు మూసుకుని అట్ట తడుముతుంటారు, తనవైపు చూసేవాళ్లే ఉండరు. భయం సగం అక్కడే పోతుంది. అన్నట్టు అందుకు వాడే పుల్ల కూడా చూడ్డానికి కన్ను తీసిన ఆ పనిముట్టు లాగే ఉంటుంది, ఈ సంగతి క్లాసులో చెబితే ఎవరూ మర్చిపోరు.

నాలుగోబెంచి:
పేరు ఎవరిదైనా ఫరవాలేదు కానీ నెట్‌లో మొదట కనపడిన కథ మాత్రం ఎత్తి రాయనివ్వకండి. తొమ్మిదో తరగతిలో నేను ఐన్‌స్టీన్‌ని తీసుకున్నాను. "ఐన్‌స్టీన్ చిన్నప్పుడు లెక్కల్లో ఫెయిలయ్యాడు" అని మొదటి వాక్యమే దంచేశాను, నాకూ లెక్కలు రావు కాబట్టి ఆ వాక్యమంటే మహా ఇష్టం. సార్ నిలబెట్టి "ఎక్కడ చదివావు" అన్నారు. తెల్లమొహం వేశాను. అసలు సంగతి ఏంటంటే ఆయన పదిహేనేళ్లు వచ్చేసరికే కాలిక్యులస్ సొంతంగా నేర్చేసుకున్నాడు. 1895లో జ్యూరిక్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష తప్పిన మాట నిజమే కానీ లెక్కల్లో, ఫిజిక్స్‌లో మార్కులు బాగానే వచ్చాయి, దెబ్బ పడింది మిగతా సబ్జెక్టుల్లో. అదీ మామూలు వయసు కంటే ముందే రాసిన పరీక్ష. మరీ అందంగా ఉన్న కథ కనిపిస్తే ఇంకోచోట కూడా ఉందో లేదో చూడమనండి.

మాత్రలడబ్బా:
అందరూ బయటివాళ్ల పేర్లే చెబుతున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు ఏమయ్యారు? 1895లో భీమవరంలో పుట్టారు, మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు, 1923లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కండరాలకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ కనుక్కున్నారు, తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేశారు. సొంత సోదరుణ్ణి పొట్టన పెట్టుకున్నది స్ప్రూ అనే పేగుల జబ్బు, ఆ జబ్బుకి పనికొచ్చే మందే ఈ ఫోలిక్ యాసిడ్. మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం పనే, ఇవాళ్టికీ క్యాన్సర్‌కి, కీళ్లవాతానికి డాక్టర్లు రాస్తున్నారు. 1948లో పోయారు. మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు ఈ పేరు?

సుద్దముక్క:
గొప్ప మనిషి, కాదనను. కాకపోతే ఎనిమిదో తరగతి పిల్ల "నేను సుబ్బారావుని" అంటూ ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఫాస్ఫోక్రియాటిన్ అనే మాట దగ్గరే క్లాసు నిద్రపోతుంది. తీసుకుంటే సోదరుడి జబ్బు ఒక్కటే పట్టుకోవాలి, అక్కడ మొదలుపెట్టి ఫోలిక్ యాసిడ్ దగ్గర ఆపేయాలి, మిగతా కనిపెట్టినవన్నీ ఒక్క వాక్యంలో తేల్చేయాలి. అలా వదిలేయగలిగితే భేషుగ్గా ఉంటుంది. వదలడమే కష్టం, పెద్దవాళ్లకి మరీ.

మాత్రలడబ్బా:
ఆ మాట ఒప్పుకుంటా. నేను రాస్తే అన్నీ పెట్టేసేవాణ్ణే.

పాతపుస్తకం:
రాళ్లు ఏరుకునే పిల్ల, కుక్కలంటే ఇష్టం, బొమ్మలు వేస్తుంది. మీరు మూడు క్లూలూ ఇచ్చేసి పేరు అడుగుతున్నారండీ. మేరీ ఆనింగ్!

1799లో ఇంగ్లండ్‌లో లైమ్ రీజిస్ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టింది. నాన్న వడ్రంగి, ఒడ్డున కొండ విరిగిపడ్డ చోట శిలాజాలు ఏరి వచ్చేపోయేవాళ్లకి అమ్మేవాడు. 1810లో ఆయన పోయాక ఇంటికి అదే ఆధారమైంది. 1811లో వాళ్ల అన్న జోసెఫ్‌కి ఒక పెద్ద పుర్రె దొరికితే, మరుసటేడు మిగతా ఒళ్లు కనిపెట్టింది ఈ పిల్ల, పన్నెండు పదమూడేళ్ల వయసులో. ఇక్థియోసార్ అనే ఎప్పుడో అంతరించిపోయిన సముద్రజీవి అది, 17 అడుగుల పొడవు. 1823లో ప్లీసియోసార్ దొరికింది, మెడ ఎంత పొడుగంటే పారిస్‌లో కువియే అనే మహా పండితుడు బొమ్మ చూసి ఇది అతుకులబొంత కాదు కదా అని అనుమానించాడు, తర్వాత తప్పు ఒప్పుకున్నాడు. 1824లో లండన్ జియలాజికల్ సొసైటీలో దాని గురించి కోనిబేర్ అనే ఆయన ప్రసంగం చేశాడు. అందులో తవ్వి తీసిన మనిషి పేరే లేదు. ఆ సొసైటీ ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకోలేదు మరి, ఈమె 1847లో పోయింది, వాళ్లు తలుపు తెరిచింది 1919లో.

ఇక కుక్క. పేరు ట్రే. ఆమెతో పాటు ఒడ్డుకి వెళ్లేది. 1833లో కొండచరియ విరిగి ఆమె కాళ్ల దగ్గరే దాని మీద పడింది. ఒక్క అడుగు అటు అయితే ఆమె కూడా పోయేదే.

పిల్లలకి నచ్చే ముక్క ఇంకోటి ఉంది. ఆ జంతువుల పొట్ట భాగంలో దొరికే కొన్ని ఉండరాళ్లు పగలగొట్టి చూస్తే లోపల చేప ఎముకలు, పొలుసులు ఉన్నాయని ఈమె గమనించింది. బక్‌లాండ్ అనే ప్రొఫెసర్ అవి రాయిగా మారిన పెంటికలని తేల్చాడు. ఐదు నిమిషాల్లో ఒక నిమిషం ఈ రాళ్లకే ఇచ్చేస్తే క్లాసు గోల గోల.

రెండు జాగ్రత్తలు. ఇక్థియోసార్, ప్లీసియోసార్ డైనోసార్లు కావు, సముద్రంలో బతికిన సరీసృపాలు. అసలు డైనోసార్ అనే మాటే 1842లో పుట్టింది. ఇంకోటి, సముద్రపు ఒడ్డున గవ్వలు అమ్మే అమ్మాయి అని నాలుక తిరగని ఇంగ్లీషు వాక్యం ఒకటుంది కదా, అది ఈమె మీదే కట్టారని నెట్ నిండా ఉంటుంది. ఆధారం లేదు. నాలుగోబెంచి గారి ఐన్‌స్టీన్ లాంటిదే అది.

ఉత్తరంముక్క:
ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. పేరు మీరు ఎంచుకుంటున్నారా, పాప ఎంచుకుంటోందా? మా ఇంట్లో పోయినేడు నేనే ఎంచి, నేనే చదివి, సగం నేనే రాసి, ఆ రోజు క్లాసులో మావాడు "మా నాన్నకి ఈయనంటే ఇష్టం" అని మొదలుపెట్టాడట. పైన వచ్చిన మూడు పేర్లూ పాపకి చూపించి మీరు అవతల గదిలోకి వెళ్లిపోండి.

రంగుపెన్సిల్:
ఉత్తరంముక్క గారూ, తగిలింది. వెళ్లాను అవతల గదిలోకి.

మూడూ చదివింది. బ్రెయిల్ అట్ట వెంటనే చేసేసింది, ఫ్రిజ్ మీద అంటించింది, ప్రాజెక్టు మాత్రం అది కాదట. పావుగంట తర్వాత వంటింట్లోకి వచ్చి "అమ్మా, తవ్వింది తను, చెప్పింది వేరేవాళ్లు, పేరు కూడా చెప్పలేదు" అంది. పోయిన నెల దాని డ్రాయింగు ఒకటి పేరు లేకుండా నోటీసు బోర్డులో పెట్టారు, ఆ కోపం ఇంకా చల్లారలేదులెండి. మొత్తానికి ఆనింగ్ ఖాయమైంది, టీచర్‌కి పేరు ఇచ్చేశాం. అచ్చు పుస్తకం కూడా లైబ్రరీలో దొరికింది, శిలాజాల పుస్తకంలో నాలుగు పేజీలు.

ఇప్పుడు ఇంకో తంటా. "నేను" అంటూ మాట్లాడాలంటే ఏ వయసు నుంచి చెప్పాలి? పుట్టినప్పటి నుంచి పోయేదాకా చెబితే ఐదు నిమిషాలు చాలవు, పైగా పోయిన సంగతి తనే ఎలా చెప్పుకుంటుంది?

సుద్దముక్క:
మంచి ప్రశ్న. చాలామంది "నేను 1847లో మరణించాను" అని చెప్పి దణ్ణం పెట్టి వెళ్లిపోతారు. ఒక్క రోజు తీసుకోమనండి, ఆ రోజు నిలబడి వెనక్కి చూస్తూ మాట్లాడమనండి.

పాతపుస్తకం:
ఆ రోజు నేను చెబుతా. ప్లీసియోసార్ దొరికిన ఆ డిసెంబరులోనే, 1823 డిసెంబరు 26న, ఆమె రాసిన ఉత్తరం ఒకటి ఇప్పటికీ ఉంది, అందులో ఆ అస్థిపంజరం బొమ్మ తనే వేసింది. నెట్‌లో దాని ఫోటో దొరుకుతుంది. మీ పాప ఆ పేజీని పెద్ద అట్ట మీద మళ్లీ గీసి చేత్తో పట్టుకుంటే సరి. దాంతోపాటు 1830లో దెలా బెష్ అనే ఆమె స్నేహితుడు, ఆమెకి దొరికిన శిలాజాల ఆధారంగా ఆ జంతువులు బతికిన కాలపు సముద్రం బొమ్మ వేసి, ప్రతులు అమ్మి ఆ డబ్బు ఆమెకే ఇప్పించాడు. అది కూడా చూపించండి, బొమ్మలు వేసే పిల్ల కదా.

రంగుపెన్సిల్:
చూపించాను. రాత్రి నుంచి మెడ గీస్తోంది, ఎన్ని ఎముకలుంటాయో లెక్కపెట్టి మరీ, రెండు చార్టులు చింపేసింది. ఇందాకే వచ్చి, తను ఆనింగ్‌లా కాదు, ట్రేలా మాట్లాడొచ్చా అని అడిగింది. కుక్కయితే భయం వేయదట. టీచర్ ఒప్పుకోరు అన్నాను. రేపు అడిగి చూస్తానంది.

పాతపుస్తకం:
1833 తర్వాత కథ ఎవరు చెబుతారని అడగండి ముందు.