‘టాల్ టేల్’కు తెలుగు మాట: కోతలు, అత్యుక్తి, ఒక ‘అట’

ప్రశ్న:

మిత్రులకు నమస్కారం. పిల్లల కోసం కొన్ని అమెరికా జానపద కథలను తెలుగు చేస్తున్నాను. పందొమ్మిదో శతాబ్దంలో అడవులు నరుక్కుంటూ, నదులు దాటుకుంటూ పడమరకు సాగినవాళ్ల కథలు: డేవీ క్రాకెట్, పాల్ బన్యన్, పేకోస్ బిల్, జాన్ హెన్రీ. వీటిని అక్కడ ‘టాల్ టేల్’ అంటారు, అంటే నమ్మశక్యం కాని గొప్పలను నిజమన్నట్టు చెప్పే కథ. దీనికి తెలుగు మాట ఏది? ‘పొడుగు కథ’ అంటే నిడివి గుర్తొస్తుంది. ‘అభూతకల్పన’ పిల్లల నోటికి బరువు. ‘అబద్ధాల కథ’ అంటే చెప్పినవాడు తప్పు చేసినట్టుంది.

ఇంకొక చిక్కు. క్రాకెట్ పేరున అచ్చయిన పంచాంగాల్లో (ఆల్మనాక్‌లలో) ఒక కథ ఉంది. చలికి భూమి ఇరుసు బిగుసుకుపోయి పొద్దు పొడవదు. క్రాకెట్ ఎలుగుబంటి కొవ్వు పిండి ఇరుసును కదిలిస్తాడు. చివరి వాక్యాన్ని ‘సూర్యోదయంలోని ఒక ముక్కను జేబులో వేసుకుని ఇంటికి నడిచాడట’ అని రాశాను. వారం రోజులుగా చూస్తున్నాను, కుదరడం లేదు.

ఒక జవాబు:

అలంకారశాస్త్రంలో మాట సిద్ధంగా ఉందండీ. అతిశయోక్తి అని అందరూ అంటారు గానీ, కువలయానందం అనే అలంకార గ్రంథంలో అప్పయ్య దీక్షితులు ‘అత్యుక్తి’ని వేరే అలంకారంగా చెప్పారు: ‘అత్యుక్తిరద్భుతాతథ్యశౌర్యౌదార్యాదివర్ణనమ్’. అద్భుతమూ, అతథ్యమూ (నిజం కానిదీ) అయిన శౌర్యాన్నో ఔదార్యాన్నో వర్ణించడం అన్నమాట. ‘నేను సగం గుర్రం, సగం మొసలి’ అని మిసిసిపీ పడవవాళ్లు చెప్పుకున్న గొప్పకు ఇంతకన్నా దగ్గరి లక్షణం నాకు కనిపించలేదు.

మరొక జవాబు:

మాస్టారూ, లక్షణం సరిగ్గా సరిపోయింది, కాదనను. అయితే అత్యుక్తి ఒక వాక్యంలో ఉండే అలంకారం. ఇక్కడ కావలసింది ఒక కథాజాతికి పేరు. మనకు ‘కోతలు’ ఉంది. కోతలు కోసేవాడు, వినేవాడు ఇద్దరూ అది నిజం కాదని తెలిసే కూర్చుంటారు. అబద్ధానికీ కోతకూ ఉన్న తేడా అదే: అబద్ధం మోసగిస్తుంది, కోత వినోదపరుస్తుంది. ఖాకీ దుస్తులు, టోపీ, కర్ర తుపాకీతో ఊళ్లలో తిరిగే పిట్టల దొర (తుపాకి రాముడు అనీ అంటారు) చేసేది అదే కదా. ముఖంలో నవ్వు లేకుండా తన వేటల గురించీ ఆస్తుల గురించీ చెబుతాడు. ఆయన నవ్వితే ఆట చెడుతుంది. కాబట్టి నా ఓటు ‘కోతల కథ’కు.

ఇక ప్రశ్న అడిగినవారికి: అసలు సంగతి మీ వాక్యం. దాన్ని చెడగొట్టింది ‘అట’. మన భాషలో ‘అట’ చాలా నిజాయితీ గల ప్రత్యయం. నేను చూడలేదు, విన్నాను, పూచీ నాది కాదు అని రెండే అక్షరాలతో చెబుతుంది. కోతకు అదే విషం. కోతలు కోసేవాడు పూచీ పడాలి. కలప శిబిరాల్లో, రాక్షసుడంత కలప కూలీ అయిన పాల్ బన్యన్ కథ చెప్పే పనివాడు ‘అప్పుడు నేనక్కడే ఉన్నాను’ అనే ధోరణిలోనే చెబుతాడు. బన్యన్ దగ్గరి నీలి ఎద్దు రెండు కళ్ల మధ్య దూరం ఎంతో తెలుసా? 42 గొడ్డలి కామలు, ఆ పైన నమిలే పొగాకు ముక్క ఒకటి. ఆ పొగాకు ముక్కను చూడండి! దగ్గరుండి కొలిచినవాడే అంత చిల్లర లెక్క చెప్పగలడు. దాన్ని ‘42 కామలు ఉండేదట’ అన్నామా, కథ కూలిపోతుంది. బన్యన్ శిబిరంలోని పెద్ద పెనానికి కొవ్వు రాయడానికి మనుషులు పందిమాంసపు ముక్కలు కాళ్లకు కట్టుకుని పెనం మీద జారుతూ తిరిగేవారు అన్నప్పుడు కూడా అంతే. ‘తిరిగేవారు’ అనే ఉంచండి. ఆశ్చర్యార్థకం కూడా వద్దు, ఆశ్చర్యపడే పని శ్రోతది.

అన్నట్టు, బన్యన్ కథలన్నీ జానపదం అని ముందుమాటలో రాయకండి. శిబిరాల్లో నోటి కథలు ఉన్నమాట నిజమే. దేశమంతా పాకింది మాత్రం 1914 నుంచి ఒక కలప కంపెనీ ప్రకటనల కోసం లాఫెడ్ అనే రచయిత రాసి బొమ్మలు వేసిన చిన్న పుస్తకాల వల్ల. రిచర్డ్ డార్సన్ అనే పండితుడు 1950లో ఇలాంటివాటికి ‘ఫేక్‌లోర్’ అని పేరు పెట్టాడు. నకిలీ జానపదం అనవచ్చు. క్రాకెట్ సంగతీ ఇలాంటిదే. ఆయన నిజంగా బతికిన మనిషే; 1836 మార్చి 6న టెక్సాస్‌లోని అలమో కోటలో చనిపోయాడు. పంచాంగాలు 1856 దాకా వస్తూనే ఉన్నాయి. చనిపోయాక ఇరవై ఏళ్లపాటు ‘నేను’ అంటూ మాట్లాడుతూనే ఉన్నాడు!

ఒక్క అభ్యంతరం. జాన్ హెన్రీని ఈ వరుసలో పెట్టకండి. పశ్చిమ వర్జీనియాలో 1870 ప్రాంతంలో బిగ్ బెండ్ రైలు సొరంగం తవ్విన నల్లజాతి కూలీల పాట అది. ఆవిరి యంత్రంతో పోటీపడి, సమ్మెటతో గెలిచి, చేతిలో సమ్మెట ఉండగానే ప్రాణం వదిలినవాడి పాట. దాన్ని కూలీలు పనిచేస్తూ పాడుకున్నారు. సొరంగాల పనిలో ఎందరో నిజంగా చనిపోయారు. బొబ్బిలి కథను మనం కోతలు అంటామా? దానికి ‘వీరగాథ’ అనే వేరే భాగం పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:

అక్కా, మూల వాక్యం మళ్లీ చూశాను. అందులో ఉన్నది ‘నేను’. ‘అట’ నేను తెచ్చిపెట్టినదే. ‘సూర్యోదయం’ కూడా అడ్డుపడుతోందని ఇప్పుడు తోచింది. అది ఒక సంఘటన, జేబులో పట్టదు. పొద్దు అలా కాదు. సూర్యుడూ పొద్దే, వేళా పొద్దే, పొడిచేదీ పొద్దే. జాన్ హెన్రీని వేరే భాగంలోకి మార్చాను. మాస్టారి అత్యుక్తి లక్షణం ముందుమాటలోకి వెళుతుంది, వారికి అభ్యంతరం లేకపోతే. వాక్యం ఇప్పుడిలా ఉంది:

‘పొద్దులో ఒక తునక తుంచి జేబులో వేసుకుని ఇంటికి నడిచాను.’