రివర్‌డేల్ చూడొచ్చా? ఆర్చీ కామిక్స్ చదివినవాళ్ళు చెప్పండి

అబిడ్స్_పిన్ని:
చిన్నప్పుడు ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సెకండ్‌హ్యాండ్ ఆర్చీ డైజెస్ట్‌లు (అమెరికా స్కూలు కుర్రాడి నవ్వుల కామిక్స్) బేరమాడి కొనుక్కున్న బ్యాచ్ నాది. మా అక్క కూతురు టెంత్, ఆ కామిక్స్ మీద తీసిన టీవీ సీరియల్ రివర్‌డేల్ చూద్దాం పిన్నీ అని ఒకటే గోల, సరే మన ఆర్చీయే కదా అని కూర్చున్నా. మొదటి ఎపిసోడ్‌లోనే ఏటి ఒడ్డున శవం, నుదుటి మీద బుల్లెట్ దెబ్బ. అదైనా పోనీలే అనుకున్నా గానీ మిస్ గ్రండీ ఏంటండీ అలా?? తెల్లజుట్టు ముడేసుకుని ఆర్చీకి చీవాట్లు పెట్టే ముసలి టీచరమ్మని వయసులో ఉన్నదాన్ని చేసి వాడితోనే సంబంధం అంటగట్టారు, పక్కన పిల్ల ఉంది, నేను రిమోట్ కోసం సోఫా అంతా తడుముతున్నా. ముందు ముందు ఏమన్నా బాగుపడుద్దా, ఆపేయమంటారా? హంతకుడెవరో మాత్రం చెప్పొద్దు ప్లీజ్.

చాక్లెట్_షేక్:
ఫస్ట్ సీజన్ 13 ఎపిసోడ్లూ చూసి బుద్ధిగా ఆపేయండి. ఆ హత్య కథ అక్కడితో తేలిపోద్ది, ఆర్చీ ఫ్రెండ్ జగ్‌హెడ్ పాతకాలం రచయితలా కూర్చుని కథ చెప్పడం, ఆ నియాన్ లైట్లు, పొగమంచు, మూడ్ మాత్రం అదుర్స్. తర్వాత ఇంక అడక్కండి. మూడో సీజన్‌లో ఒక బోర్డ్ గేమ్ ఆడి పిల్లలు చచ్చిపోతుంటారు, ఆర్చీ జైల్లో ఫైట్లు చేస్తాడు, బయటికొచ్చాక ఎలుగుబంటి మీద పడుతుంది. ఆరులో అందరికీ సూపర్ పవర్లు. ఏడో సీజన్‌కి డైరెక్టుగా 1955లోకి పోయారు 😂 2023లో అయిపోయింది, బతికిపోయాం

పాత_డైజెస్ట్:
అందరూ టీవీవాళ్ళు మన ఆర్చీని పాడుచేశారంటారు గానీ ముందు మొదలెట్టింది ఆ కామిక్స్ కంపెనీయే. 1941లో పుట్టిన కుర్రాడు, డెబ్బై ఏళ్ళు బెట్టీ, వెరోనికా ఇద్దరమ్మాయిల్లో ఎవరనే అదే గొడవ, కొత్త పిల్లలు ఎందుకు కొంటారు? 2013లో ఆర్చీ ఊరిని జాంబీల పాలు చేసిన సిరీస్ తెచ్చారు, జగ్‌హెడ్ కుక్క హాట్ డాగ్ కారు కింద పడి చచ్చిపోతే వాడు ఏడ్చుకుంటూ మంత్రగత్తె సబ్రీనా దగ్గరికి ఎత్తుకెళ్తాడు, ఆమె మంత్రం వేసి బతికిస్తుంది, అది లేచి ముందు కరిచేది వాణ్ణే. అది రాసిన రాబర్టో అగీర్రే-సకాసానే తర్వాత కంపెనీకి చీఫ్ క్రియేటివ్ ఆఫీసర్, రివర్‌డేల్ నడిపించిందీ ఆయనే. 2014లో ఇంకో సిరీస్‌లో అయితే ఫ్రెండ్ కెవిన్‌కి తగలాల్సిన బుల్లెట్‌కి అడ్డం వెళ్ళి ఆర్చీయే చచ్చిపోయాడు.

బర్గర్_బాబాయ్:
పైన అన్నాయన చెప్పింది నిజమే గానీ ఆ జాంబీ కామిక్‌లో మనుషులు మాత్రం మనవాళ్ళే అన్నా, కుక్క కోసం ఏడ్చేది మనకి తెలిసిన జగ్‌హెడ్డే. సీరియల్లో వాడికి ఆకలే లేదు! అమ్మాయి కనపడితే పారిపోయి బర్గర్ తినేవాణ్ణి తీసుకెళ్ళి బెట్టీతో జత కట్టారు. హత్యలు ఎన్నైనా చేసుకోండి, నవ్వు ఎందుకు తీసేశారు అనేదే నా బాధ. తల్లిదండ్రుల కాస్టింగ్‌కి మాత్రం దండం, అప్పటి టీనేజ్ స్టార్లందర్నీ అమ్మానాన్నలుగా పెట్టారు, బెట్టీ వాళ్ళ అమ్మ ట్విన్ పీక్స్ అనే పాత సీరియల్లో చేసినావిడే, చిన్న ఊళ్ళో శవం అనే ఐడియా కూడా అక్కడిదే అనిపిస్తుంది నాకు.

చాక్లెట్_షేక్:
ఆర్చీ నాన్న ఫ్రెడ్ గురించి చెప్పలేదేం. ఆ వేషం వేసిన ల్యూక్ పెర్రీ 2019 మార్చిలో నిజంగానే పోయాడు కదా, నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ మొత్తం ఆయనకే. కథలో ఫ్రెడ్ రోడ్డు మీద ఆగిపోయిన ఒకావిడకి సాయం చేయబోయి కారు గుద్ది చనిపోయినట్టు చూపించారు. ఆ ఒక్కటి విడిగా చూసినా చాలు, అంత పిచ్చి సీరియల్లో ఎక్కడా అతి చేయకుండా తీశారు.

అబిడ్స్_పిన్ని:
థాంక్స్ అందరికీ, కానీ నా గ్రండీ సంగతి ఎవరూ చెప్పలేదు 😐

పాత_డైజెస్ట్:
నాలుగో ఎపిసోడ్‌లో ఊరొదిలి పోతుందండీ. అది తప్పని బెట్టీ వాళ్ళ అమ్మ గట్టిగానే అరుస్తుంది గానీ ఆర్చీకి జరిగింది అన్యాయం అని కథ సరిగ్గా పట్టించుకోదు, నాకు అదే నచ్చలేదు. టెంత్ పిల్లతో అయితే అది దాటాకే మొదలెట్టండి, లేదా 2023లో జోయా అఖ్తర్ తీసిన హిందీ సినిమా ఆర్చీస్ పెట్టండి, 1964 నాటి ఆంగ్లో-ఇండియన్ ఊరు, పాటలు, పార్క్ కాపాడుకోవడం, శవాల్లేవు.

బర్గర్_బాబాయ్:
అందులో కూడా నవ్వు తక్కువే 🙏