ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగింది. ఆపరేషన్ చేయిస్తే ముందు ముందు కీలు అరగదా?

కబడ్డీ_నల్గొండ:
దసరాకు ఊళ్లో కబడ్డీ ఆడుతూ రైడ్‌లో గిర్రున తిరిగాను. మోకాల్లో టప్‌మని చప్పుడైంది, సాయంత్రానికి కుండలా వాచింది. ఎంఆర్‌ఐలో ఏసీఎల్ పూర్తిగా తెగిందని వచ్చింది. నాకు 26 ఏళ్లు. వెంటనే చేయించకపోతే నలభైకే కీలు అరుగుతుందని ఒక డాక్టరు అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

పాలమూరు_వాలీబాల్:
తమ్మీ, నాకు ఆపరేషన్ అయి ఆరేళ్లు. మోకాలు జారడం ఆగింది, అది నిజం. అరుగుదల రాదని మాత్రం ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. నేను ఆగలేక ఐదో నెలకే నెట్ దగ్గర ఎగిరాను. మెనిస్కస్ (మోకాల్లో ఎముకల మధ్య మెత్తటి దిండు లాంటిది) చిరిగితే కొంత ముక్క తీసేశారు. ఇప్పుడు మెట్లు దిగుతుంటే నొప్పి. నువ్వు కనీసం తొమ్మిది నెలలు ఆట జోలికి పోకు.

ఫిజియో_మిర్యాలగూడ:
స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన 121 మందిని రెండు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్, రెండోదానికి ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. రెండో గుంపులో సగం మందికి ఐదేళ్లలో ఆపరేషన్ అవసరమే పడలేదు. ఎక్స్‌రేలో అరుగుదల చూస్తే రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని మోకాలు మాటిమాటికీ జారుతుంటే ఊరుకోవద్దు, జారిన ప్రతిసారీ మెనిస్కస్‌కు ముప్పే. చిరిగితే కుట్టడానికి వీలవుతుందేమో అడగండి, తీసేస్తే అరుగుదల తొందరపడుతుంది.

అసలు పని తొడ కండది. వాపు రాగానే అది సన్నబడుతుంది. టవల్ చుట్టి మోకాలి కింద పెట్టి, చిప్ప పైకి లాగినట్టు అదిమి ఐదు లెక్కపెట్టి వదలండి. వాపు తగ్గాక గోడకు ఆనుకుని సగం వరకు కూర్చుని లేవడం. బరువు పెరగనివ్వకండి.

మర్రిగూడ_అక్క:
మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని రోజూ నొప్పి గోళీలు మింగకు తమ్మీ. కడుపు, కిడ్నీలు పాడవుతాయి. మా దగ్గర పెద్దవాళ్లకు ఫ్లోరైడ్ నొప్పులు, ఆ గోళీలతోనే బతుకు వెళ్లదీశారు.

కబడ్డీ_నల్గొండ:
అమ్మ కుట్టుమిషన్ టేపుతో కొలిచాను. చిప్పకు జానెడు పైన, దెబ్బ తగిలిన కాలి తొడ చుట్టుకొలత రెండు సెంటీమీటర్లు తక్కువుంది! మూడు వారాలకే. టవల్ చుట్ట ఇప్పుడే మొదలుపెట్టాను, తొడ గజగజ వణుకుతోంది. ఇది మామూలేనా సార్?

ఫిజియో_మిర్యాలగూడ:
మామూలే. నొప్పి, వాపు పెరిగితే మాత్రం ఆపి చూపించుకోండి.