ఫాంగ్ బొమ్మలు: ఇచ్చినవా, లాక్కున్నవా?

కొయ్యగుర్రం:
న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఫాంగ్ జాతివారి పూర్వీకుల బొమ్మలు చూసి వచ్చాను. గాబన్, దక్షిణ కామెరూన్, ఈక్వటోరియల్ గినీ వాళ్ళ నేల. వెంట వచ్చిన మిత్రుడు ‘ఇవన్నీ తిరిగి ఇచ్చేయాలి’ అన్నాడు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఫాంగ్‌లు వంశపెద్దల పుర్రెలను చెట్టు బెరడుతో చేసిన గుండ్రటి పెట్టెలో దాచేవారు. బొమ్మ పిరుదుల దగ్గరి కొయ్యమేకును మూతలోకి దించి, కాళ్ళు అంచు మీదుగా వేలాడేలా కూర్చోబెట్టేవారు. మొక్కు అందుకునేది పుర్రె, బొమ్మ కాపలాదారు. అందుకే తెల్లవాళ్ళు అడిగినప్పుడు చాలామంది బొమ్మను ఇచ్చి పుర్రెలను ఉంచుకున్నారు. బొమ్మ కావాలంటే మళ్ళీ చెక్కించుకోవచ్చు కదా. ఇచ్చినదాన్ని దొంగసొత్తు అంటే ఎలా?

గోదారిగట్టు:
ఇచ్చినది సరే, ఎవరికి ఇచ్చారు? 1899లో ఫ్రెంచి ప్రభుత్వం గాబన్ అడవులను కంపెనీలకు పంచిపెట్టింది. ఆ వెనకే పన్నులు, వెట్టిచాకిరీ. మరోపక్క ఈ పూజలు మానమని మిషనరీల పోరు. గుమ్మంలో దొర నిలబడి ‘ఆ బొమ్మ ఎంత?’ అంటే, అది సంతబేరం అవుతుందా? పుర్రెలను దక్కించుకోవడానికి బొమ్మను వదులుకున్నారని నేనంటాను. మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది.

పాతనాణెం:
ఇద్దరూ ఒక్క ఫాంగ్‌లనే పట్టుకున్నారు. కామెరూన్‌లోని కోమ్ రాజ్యానికి అఫో-ఆ-కోమ్ అనే రాజవిగ్రహం ఉంది, ఒళ్ళంతా పూసలే. 1966లో అది దొంగల పాలైంది. 1973లో అమెరికాలో ఒక ప్రదర్శనలో బయటపడింది, ఆ ఏడాది డిసెంబరుకల్లా ఇంటికి చేరింది. దాన్ని మళ్ళీ చెక్కించుకుందాం అని అక్కడ ఎవరూ అనలేదు.

కొయ్యగుర్రం:
పాతనాణెం గారూ, అది పచ్చి దొంగతనం, దానిమీద వాదమే లేదు. గోదారిగట్టు గారి మాట మాత్రం గట్టిగా తగిలింది. బలవంతం లేదని నేను చెప్పలేను. అయినా ప్రతి బొమ్మకూ దాని కథ దానిదే. అన్నింటినీ ఒకే గాటన కట్టడానికి ఇప్పటికీ ఒప్పుకోను.

చింతతోపు:
కాపలాదారు అని తేల్చేయడం తొందరపాటు. ఫాంగ్‌లు కొత్తవాళ్ళను పూర్వీకుల పూజలోకి చేర్చుకునే మెలాన్ దీక్షలో గుడ్డ తెర పైనుంచి ఈ బొమ్మలను తోలుబొమ్మల్లా ఆడించేవారు. పుర్రెలను కొత్తవాళ్ళకు చూపేది కూడా అప్పుడే. మన లెక్కలో పుర్రె మూలవిరాట్టు అనుకుంటే, ఇది ఉత్సవవిగ్రహం. ఊరేగేదీ జనానికి కనబడేదీ అదే, దాన్ని వట్టి కొయ్య అంటామా? వీటికి పామాయిల్ పూసి పూసి, కొన్నింటి ఒంటి నుంచి ఇప్పటికీ నల్లగా నూనె ఊరుతుంది. నేను యూరప్‌లో చూసినదాని గడ్డం కింద అలాంటి చుక్క ఒకటి నిలిచి ఉంది. కింద పెట్టె లేదు. మేకును ఇనుప దిమ్మెలోకి దించారు. పక్కన చీటీ మీద కర్ర పేరుంది, ఎత్తుంది, దానం చేసిన దొర పేరుంది. ఏ ఊరిదో మాత్రం లేదు. తిరిగి ఇవ్వాలన్నా ఎవరికి ఇస్తారు, గోదారిగట్టు గారూ?

గోదారిగట్టు:
ఊరి పేరు రాసుకోనిది తీసుకెళ్ళినవాళ్ళు. వెతికే పని కూడా వాళ్ళదే.