లోతు సిగ్నల్ దగ్గర చెవిని నమ్మాలా, తెర మీది అంకెనా?

ప్రశ్న:
లోహం రకాన్నిబట్టి 0 నుంచి 99 దాకా అంకె చూపించే వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే) మెటల్ డిటెక్టర్ వాడుతున్నాను. నాణెం 10 సెంటీమీటర్ల లోపు ఉంటే అంకె కదలకుండా నిలుస్తోంది. 20 సెంటీమీటర్లకు పోతే అదే నాణేనికి 78, 61, ఒక్కోసారి ఇనుముకుండే తక్కువ అంకె కూడా పడుతోంది. మోత మాత్రం సన్నగా ఉన్నా తేటగానే ఉంది. తుప్పు మేకులున్న నేలలో ఇది తిరగబడుతోంది: అంకె నాణెంలా 80 పైన, తవ్వితే మేకు. తవ్వాలా వద్దా అన్నది దేన్నిబట్టి తేల్చుకోవాలి?

జవాబు 1:
రెండూ ఒకే సిగ్నల్ నుంచి పుట్టేవేనండి. లోహం నుంచి తిరిగొచ్చే సిగ్నల్ ఫేజ్ (పంపిన అలతో పోలిస్తే ఎంత వెనకబడిందన్నది) ఎంత జరిగిందో కొలిచి యంత్రం అంకె కడుతుంది. లోతు రెట్టింపైతే ఆ సిగ్నల్ సగం కాదు, పదుల రెట్లు పడిపోతుంది. నేలలోని ఇనుప ఖనిజం ఇచ్చే సిగ్నల్ మాత్రం తగ్గదు. ఆ రెండూ కలిసిపోయేసరికి అంకె చెదురుతుంది, ఎక్కువగా ఇనుము వైపు జారుతుంది. లోతులో అంకె అంటే యంత్రం వేసిన అంచనా, అంతే.

మోతలో అంకెకు అందనివి ఉంటాయి: ఎక్కడ మొదలైంది, అంచు నునుపుగా ఉందా తెగిందా, ఎంత వెడల్పు. కాయిల్‌ను (డిటెక్టర్ కింద ఉండే, నేల మీద ఊపే పళ్లెం) నేలకు 1-2 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు వైపులా ఊపండి. సన్నని మోత రెండు వైపులా ఒకే చోట పలికితే, 90 డిగ్రీలు తిరిగి నిలబడి మళ్లీ ఊపండి. అప్పుడూ పలికితే అంకె ఏదైనా తవ్వాల్సిందే.

జవాబు 2:
మేకుల సంగతి వేరు. పడుకున్న మేకు కొనల దగ్గర, వంగిన మేకు దగ్గర, ఇనుప వాషర్ల దగ్గర పై మోత (నాణేనికి వచ్చేలాంటి హెచ్చు స్వరం) రావడం మామూలే. ముందు డిస్క్రిమినేషన్ (ఇనుములాంటివి వినిపించకుండా ఆపే సెట్టింగ్) తీసేసి, అన్ని లోహాలూ పలికే ఆల్ మెటల్ మోడ్‌లో వినండి. పై మోత పక్కనే బొంగురు మోతో గరగరో వినిపిస్తే అనుమానించాలి. తర్వాత లక్ష్యం చుట్టూ తిరుగుతూ చిన్న చిన్న ఊపులు వేయండి. నాణెమైతే చోటు మారదు. మేకైతే ఒక దిక్కున పలికి, అడ్డంగా ఊపేసరికి మాయమవుతుంది, లేదా కొన్ని సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది.

సోడా సీసా ఇనుప మూత ఇంకా మోసకారి, సరిగ్గా నాణెం అంకెల్లోనే పడుతుంది. దానిమీద ఊపుతూ కాయిల్‌ను మెల్లగా మీ వైపు లాక్కోండి. కాయిల్ ముందు అంచు దాని మీదికి వచ్చేసరికి మోత విరిగి ఇనుములోకి దిగితే అది మూతే అయ్యుంటుంది.

ఒక హెచ్చరిక: మేకుకు ఆనుకుని నాణెం ఉన్నా మోత ఒకే దిక్కున పలకొచ్చు. మంచి చోటైతే ఒక దిక్కున పలికినవి కూడా తవ్వండి.

జవాబు 3:
చెవిని నమ్మే ముందు యంత్రాన్ని సరిచేసుకోవాలి. లోహం లేని చోట కాయిల్‌ను 5 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య పైకీ కిందికీ ఆడిస్తూ, మోతలో తేడా లేకుండా పోయేదాకా గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల ఖనిజాల సిగ్నల్‌ను పక్కన పెట్టించే సర్దుబాటు) చేయండి. సెన్సిటివిటీ మరీ ఎక్కువ పెడితే అదనపు లోతు అందదు, అరుపులు పెరుగుతాయి. ఆ గోలలో సన్నని మోత మునిగిపోతుంది. చిటపటలు ఆగేదాకా ఒక్కో మెట్టు దించండి. చెత్త ఎక్కువున్న చోట రికవరీ స్పీడ్ (ఒక వస్తువు పలికాక యంత్రం తర్వాతిదానికి సిద్ధమయ్యే వేగం) పెంచితే పక్కపక్కనున్న రెండు వస్తువులు విడివిడిగా పలుకుతాయి, కొంత లోతు మాత్రం తగ్గుతుంది.

మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు. మోత ఆలస్యంగా చేరితే ఆలోపు కాయిల్ ముందుకు పోతుంది, గుంత పక్కన పడుతుంది. వైరుదో, ఆలస్యం బాగా తక్కువుండే రకమో వాడండి.

అంకెను పూర్తిగా వదిలేయొద్దు. పైపైన, శుభ్రమైన నేలలో 2-3 అంకెల తేడాలో నిలిచిందంటే దాన్ని నమ్మొచ్చు. అయితే డబ్బా మూతకుండే అల్యూమినియం రింగూ బంగారు ఉంగరమూ ఒకే అంకెల్లో పడతాయి, మోత కూడా దాదాపు ఒకటే. ఉంగరాలు కావాలంటే ఆ రింగులన్నీ తవ్వక తప్పదు.

జవాబు 1:
ఇంకోటి: తెర మీది లోతు కొలత నాణెం సైజు వస్తువుకే లెక్క. పెద్ద డబ్బా లోతున ఉన్నా, అది తక్కువ లోతులోనే ఉందని తెర చూపిస్తుంది. కాయిల్‌ను 30 సెంటీమీటర్లు లేపండి. అప్పుడూ గట్టిగా పలికితే అది నాణెం కాదు.